నీలి గుండీ ఉన్న ఊరు

చినిగిన బట్ట చేతికి రాగానే రఫూ అక్క ముందు సూది అందుకోదు. చీటీ రాస్తుంది. పేరు, వీధి, చిరుగు ఎక్కడుందో ఒక ముక్క. ఆ చీటీని పిన్నీసుతో కాలరుకు గుచ్చిన తర్వాతే బట్ట బల్ల మీదికి వెళ్తుంది. ఇరవై ఆరేళ్లలో ఒకరి కోటు ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. చీటీ లేని బట్ట దిక్కులేనిదని ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

రెండు వీధులు కలిసే మూల, చెప్పులు బాగుచేసే దుకాణానికీ కళ్లద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న గది ఆవిడది. గాజు తలుపు, తలుపుకో గంట, కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, గోడ నిండా దారం రీళ్లు. రఫూ అంటే చిరుగును అతుకు వేసి కప్పేయడం కాదు. ఆ బట్టలోంచే పోగులు తీసి, చిరిగిన ఆనవాలు కూడా తెలియకుండా అల్లేయడం. ఆ పని చేసీ చేసీ ఆవిడ అసలు పేరు ఊరంతా మర్చిపోయింది. సొంత మొగుడికైనా గుర్తుందో లేదో అని ఆడపడుచు వేళాకోళం చేస్తుంది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు, మితభాషి. పాపం, ఆ ఇంట్లో మాటల వాటా మొత్తం ఆవిడే తీసేసుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

బ్లాగు పెట్టించింది ఆడపడుచే. ఆమె లైబ్రరీలో కంప్యూటర్ల విభాగం చూస్తుంది. "వదినా, వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టించుకునే బదులు, ఒక్కసారి రాసి పడేయరాదూ" అంది ఓ రోజు. అలా మొదలైంది "చిరిగిన చోటు". మోచేతి దగ్గర చిరిగితే ఎలా, జేబు మూల తెగితే ఎలా, జిప్పు మొరాయిస్తే ఎలా, ఇవే అందులో రాతలు.

మొదటి ఆర్నెల్లూ రోజుకు నలుగురు చదివారు. ఎంతమంది వచ్చారో లెక్క చూపించే ప్లగిన్ ఒకటి తగిలించారు లెండి. ప్లగిన్ అంటే పెద్ద విషయమేం కాదు, బ్లాగుకు పైనుంచి తగిలించుకునే చిన్న పనిముట్టు, మిషనుకు కొత్త పాదం బిగించుకున్నట్టు.

"నలుగురిలో ఇద్దరం మనమే, మూడో మనిషి మీ అన్నయ్య" అంది రఫూ అక్క.

"అన్నయ్యా? ఆ మహానుభావుడు చూడలేదు వదినా. నేనే రెండుసార్లు చూశాను."

ఆ మాటతో ఆవిడకు పౌరుషం వచ్చింది. ఒక్కో ప్లగినూ వెతికి వెతికి తగిలించింది. చదివినవాళ్లు మాట్లాడడానికి ఒక పెట్టె. ఫోటో పంపి సందేహం అడగడానికి ఇంకో పెట్టె. కొత్త టపా పడగానే ఉత్తరం పంపే ఏర్పాటు ఒకటి. మెల్లగా జనం రావడం మొదలైంది. పిల్లులు పీకేసిన స్వెటర్ల గురించి అడిగే మూడు పిల్లుల తాత, డ్యూటీ గౌనుకు ఎప్పుడూ జేబు చించుకునే నర్సమ్మ, ఇలా ముప్పై నలభై మంది. అడిగిన ప్రతి ఒక్కరికీ ఆవిడ జవాబు రాసేది. తన మానాన తను కుట్టుకునే మనిషికి ఇంతమంది చుట్టాలు అయ్యారా అని మురిసిపోయేది.

ఆ చుట్టాల్లో ఒకామె నీలి గుండీ. తనకు తాను పెట్టుకున్న పేరు అది. మొదటిసారి ఒక చొక్కా ఫోటో పంపి, "మేకుకు తగిలి చిరిగింది. ఎలా కుట్టాలి?" అని రాసింది.

రఫూ అక్క ఫోటోను పెద్దది చేసి చూసింది. ఎడమ భుజం దగ్గర కుట్టు జానెడు విడిపోయి ఉంది. కుట్టు రంధ్రాలు సాగిపోయి ఉన్నాయి. మేకు బట్టను అలా చించదు. మేకు చిరుగు రెండు గీతలు మూల దగ్గర కలిసినట్టు ఉంటుంది, ఏ మేకైనా, ఏ బట్టైనా. కుట్టు విడిపోయిందంటే ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. ఇరవై ఆరేళ్లుగా అదే చూస్తున్న కళ్లకు ఆ మాత్రం తెలియదా? తెలిసింది. కానీ ఏమీ అడగలేదు. దుకాణంలోనూ అంతే, చిరుగు ఎలా పడిందని ఎవర్నీ అడగదు. వెనక్కి ఒకటి, ముందుకు రెండు చొప్పున కుట్టమని వివరంగా రాసి, చివర "మళ్లీ చిరిగినా రండి" అని ఒక ముక్క కలిపింది.

ఆ ఏడాదిలో ఇంకో మూడు ఫోటోలు వచ్చాయి. అన్నీ మేకులే.

"వాళ్ల ఇంట్లో గోడలకంటే మేకులే ఎక్కువున్నట్టున్నాయి" అని నవ్వబోయిన ఆడపడుచు, వదిన మొహం చూసి నోరు మూసుకుంది.

తర్వాత ఆరు వారాలు నీలి గుండీ జాడ లేదు. రఫూ అక్క రోజూ పెట్టె తెరిచి చూసి, మూసేసేది. ఏడో వారంలో నాలుగు ముక్కలు వచ్చాయి: "అక్కా, ఇల్లు మారాను. ఒక్కదాన్నే. చిన్న గది, కిటికీ ఉంది. వస్తూ వస్తూ సూది, దారం తెచ్చుకున్నాను. మీ బ్లాగు ఎలాగూ ఫోన్లో ఉంది."

అది చదివి రఫూ అక్క ఏడ్చింది. అప్పుడే బట్ట ఇవ్వడానికి వచ్చిన నర్సరీ టీచరు ఏమైందని అడిగితే ఇస్త్రీ ఆవిరి కళ్లలో పడిందని చెప్పింది. ఆ రోజు నుంచి నీలి గుండీ రోజూ వచ్చేది. తాత పిల్లుల్ని పరామర్శించేది. నర్సమ్మకు జేబు లోపల అదనంగా గుడ్డముక్క వేసుకోమని సలహా కూడా ఇచ్చింది. మనిషి తేరుకుంటోందని ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు.

ఆ సంబరంలోనే చేయకూడని పని చేసింది.

ఒక సోమవారం పొద్దున, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు ప్లగిన్ల జాబితా తిరగేస్తుంటే "పలకరింపు" అని ఒకటి కనబడింది. ఎవరు ఏ మాట రాసినా, దాని కింద వాళ్లు ఏ ఊరి నుంచి రాశారో అదే కనిపెట్టి చూపిస్తుందట. తెరవగానే "ఫలానా ఊరి నుంచి వచ్చినవారికి స్వాగతం" అని పలకరిస్తుందట. అచ్చం తన చీటీయే. పేరు, దాని కింద ఊరు. నా చదువరుల్ని నేను దిక్కులేనివాళ్లలా వదిలేశానే అనుకుంది ఆ పిచ్చి తల్లి. ఆడపడుచును ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తగిలించేసింది.

పాత మాటలన్నిటి కింద కూడా ఊళ్ల పేర్లు వచ్చి కూర్చున్నాయి. తాతా నర్సమ్మా ఒకే ఊరివాళ్లని తేలింది. "అయితే పిల్లికి సూది మందు మీరే వేయాలి" అని తాత, "ముందు మీకు వేస్తాను" అని నర్సమ్మ. దుకాణంలో కూర్చుని రఫూ అక్క ఒక్కతే పగలబడి నవ్వింది. నీలి గుండీ ఇల్లు మారాక రాసిన మాటల కింద ఒక చిన్న ఊరి పేరు వచ్చింది. ఆ మూడు రోజులూ నీలి గుండీ రాలేదు. వచ్చి ఉంటే చూసుకునేదేమో.

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, సందేహాల పెట్టెలో కొత్త మనిషి ఎవరో రాసింది కనబడింది. పొద్దున పది గంటలకు రాసింది.

"నమస్కారమండీ. నా కోటు గుండీ ఊడింది. ఎన్ని పోగుల దారం వేయాలో చెప్పగలరు. మీ బ్లాగు మా ఆవిడ చదివేది, మీకు పంపిన చొక్కా ఫోటోలు ఇంట్లో కంప్యూటర్లో చూశాను. తను ఎక్కడుందో తెలియక చాలా ఇబ్బంది పడుతున్నాను. పేర్ల కింద ఊళ్లు పెట్టడం మంచి ఆలోచన. మీ మేలు మర్చిపోను. మిగతాది నేను చూసుకుంటాను."

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. రఫూ అక్క కళ్లు గుండీ దగ్గరే ఆగాయి. "కోటుకైతే నాలుగు పోగులు, కింద చిన్న గుండీ ఆసరా పెట్టి" అని సగం జవాబు టైపు చేసేసింది. అప్పుడు మిగతాది చదివింది. మళ్లీ చదివింది.

ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో ప్యాంటు కమురు వాసన వచ్చేదాకా కదల్లేదు. పెట్టె పక్కకు నెట్టి, ముందు ఆ ప్లగిన్ ఆపేసింది. పేర్ల కింద ఊళ్లు మాయమయ్యాయి. ఆపి ఏం లాభం? చూడాల్సినవాడు చూసేశాడు. అతను ఎక్కడి నుంచి రాశాడో కూడా ఆపేముందు అందులోనే కనబడింది. పెద్ద ఊరు.

మొగుడికి ఫోన్ చేసింది. ఆయన బస్సు డిపోలో ఉన్నాడు.

"ఆ పెద్ద ఊరి నుంచి ఈ చిన్న ఊరికి ఎంతసేపు?" అని రెండు పేర్లూ చెప్పింది.

"అయిదు గంటలు. మధ్యలో ఒకసారి మారాలి. ఎందుకే?"

"మరి సొంత బండైతే?"

"దారి బాగోదు, అటూ ఇటూ అంతే. ఏంటి, గొంతు అలా ఉంది?"

జవాబు చెప్పకుండా పెట్టేసింది. పదికి రాసి బయల్దేరితే మూడుకు చేరతాడు. గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

ఆడపడుచు లైబ్రరీ నుంచి పరుగున వచ్చింది. సంగతి విని, తిట్టడానికి నోరు తెరిచి, గడియారం చూసి మానేసింది. నీలి గుండీ ఇచ్చిన ఈమెయిలుకు ఉత్తరం పంపితే వెనక్కి వచ్చేసింది. అది ఉత్తుత్తి చిరునామా. ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ చిన్న ఊరి పోలీసు స్టేషనుకు ఫోన్ చేశారు.

"ఆమె పేరేంటమ్మా?"

"నీలి గుండీ అంటారండీ" అంది రఫూ అక్క.

"ఇల్లెక్కడ?"

"తెలీదు బాబూ. కిటికీ ఉన్న గది."

"కిటికీ లేని గది ఎక్కడుందమ్మా? పేరో, వీధో తెలిస్తే చెప్పండి, మనిషిని పంపుతాను" అని అతను పెట్టేశాడు. అతన్ని అనడానికి కూడా లేదు. ఊళ్లో బట్టలన్నిటికీ చీటీలు గుచ్చిన మనిషి దగ్గర, ఈ ఒక్క మనిషి చీటీయే లేదు.

"బ్లాగులో పెద్ద అక్షరాలతో రాసేద్దామా, పారిపో అని?"

"అతను కూడా చదువుతున్నాడు వదినా. ఆమెకు తెలిసిపోయిందని అతనికి తెలిస్తే ఇంకా తొందరపడతాడు" అంది ఆడపడుచు. కుర్చీ లాక్కుని, పేర్ల కింద ఊళ్లు చూపే భాగం ఆపే ఉంచి, ఆ ప్లగిన్నే మళ్లీ తెరిచింది. అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదిగో. ఒక్కో ఊరివాళ్లకు ఒక్కో పలకరింపు పెట్టొచ్చు. ఆ చిన్న ఊళ్లో తెరిచినవాళ్లకే కనబడేలా రాద్దాం. ఇంకెవరికీ కనబడదు" అంది.

"అతను ఆ ఊళ్లో దిగి తెరిస్తే?"

"మూడులోపు దిగడు కదా. మూడు కాకముందే తీసేద్దాం."

రఫూ అక్క టైపు చేసింది. సూది బెజ్జంలో దారం ఒక్క ఊపులో ఎక్కించే వేళ్లు, ఒక్కో అక్షరానికీ రెండుసార్లు తప్పాయి. "నీలి గుండీ తల్లీ, మీ ఆయన నీ ఊరు చూశాడు. తప్పు నాది. మూడింటికి అక్కడ ఉంటాడు. గదిలో ఉండకు. జనం ఉన్నచోటికి వెళ్లు. ఈ నంబరుకు ఫోన్ చెయ్యి." కింద దుకాణం నంబరు. పలకరింపును ఎంతమంది చూశారో పక్కనే లెక్క వస్తుంది. సున్నా.

రెండూ పదిహేనుకు తలుపు గంట మోగింది. నలభై ఏళ్ల మనిషి, చేతిలో కోటు. కోటుకు ఒక గుండీ లేదు.

దుకాణం చిరునామా బ్లాగులో ఎప్పట్నుంచో ఉంది. ముందు ఇక్కడికే వచ్చాడా? ఆడపడుచు మెల్లగా లేచి కత్తెర ఉన్న బల్ల వైపు జరిగింది.

"మీది... ఏ ఊరు?" అంది రఫూ అక్క.

"ఏ ఊరేంటక్కా, పైన కళ్లద్దాల దుకాణం మేడ మీదే కదా ఉండేది. పోయిన నెల ప్యాంటు ఇచ్చాను" అన్నాడతను వింతగా చూస్తూ. కోటు బల్ల మీద పెట్టి, కాసేపు నిలబడి, "చీటీ రాయరా?" అని అడిగాడు.

ఆవిడ పెన్ను పట్టుకుంది. రాయలేకపోయింది. "గుర్తుంటుంది, మీరు వెళ్లండి" అంది.

రెండున్నర. సున్నా. తాత ఏదో పిల్లి కబురు రాశాడు, ఎవరూ చూడలేదు. రెండూ నలభైకి లెక్క ఒకటైంది. ఇద్దరూ ఫోను వైపు చూశారు. మోగలేదు. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. చూసినది ఎవరు? ఆమే అయితే ఫోను చేయదా? అతనే అయితే? బస్సు ముందే వచ్చి ఉంటే? ఇంత భయం రఫూ అక్క జన్మలో ఎరగదు. తన తల్లి ఆపరేషను గదిలో ఉన్నప్పుడు కూడా ఇలా లేదు, అప్పుడు కనీసం తప్పు తనది కాదు.

రెండూ యాభై అయిదుకు లెక్క రెండైంది.

"ఇద్దరు" అంది ఆడపడుచు. గబగబా పలకరింపు తీసేసింది.

ఫోను మోగింది. రఫూ అక్క ఎత్తి, ఏ పేరూ అనకుండా, "రఫూ దుకాణం" అని మాత్రం అంది. అవతల ఊపిరి వినిపిస్తోంది. వెనకాల ఎవరివో మాటలు, ఏదో బండి మోత.

"అక్కా, నేనే" అంది ఒక సన్నని గొంతు. ఇన్నాళ్లూ అక్షరాలుగా చూసిన మనిషి గొంతు వినడం అదే మొదటిసారి. "బయటికి వచ్చేశాను. పక్క గది ఆవిడ తోడుంది. ఆవిడకు చూపించడానికి ఇప్పుడే మీ పేజీ మళ్లీ తెరిచాను. వాళ్ల తమ్ముడి వ్యానులో ఉన్నాం. ఊరు దాటుతున్నాం."

"తల్లీ, నా బుద్ధి గడ్డి తింది. నన్ను క్షమించు" అంది రఫూ అక్క.

"మీరు ఎప్పుడూ ఏమీ అడగలేదక్కా. మేకు అంటే మేకే అనుకున్నారు, లేదా అనుకున్నట్టు ఊరుకున్నారు. అందుకే మీ దగ్గరికి వచ్చేదాన్ని" అంది ఆమె. తిట్టినట్టు లేదు, అలిసిపోయినట్టుంది. "ఇప్పుడు కూడా అడగకుండానే నా ఊరు పెట్టేశారు."

ఏ ఊరు వెళ్తున్నావమ్మా అన్న మాట రఫూ అక్క నాలుక చివరి దాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఫోను కట్టయింది.

ఆ సాయంత్రమే ప్లగిన్లన్నీ పీకేయించింది. వచ్చినవాళ్ల లెక్క కూడా. ఎవరైనా పేరు లేకుండా, ఏమీ చెప్పకుండా రాసుకునేలా ఒక్క పెట్టె మిగిల్చింది. తలుపు గంట తీసేసినట్టుందని తాత గొణిగాడు. దుకాణంలోనూ చీటీల మీద పేరూ వీధీ మానేసి అంకెలు వేయడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒకరి ప్యాంటు ఇంకొకరికి వెళ్లింది. క్షమాపణ చెప్పి మార్చి ఇచ్చింది, అంకెలు మాత్రం మార్చలేదు.

వారం తర్వాత అతను మళ్లీ రాశాడు: "మా ఆవిడ మళ్లీ ఏమైనా రాసిందా? గుండీ సంగతి కూడా మీరు చెప్పలేదు." ఆవిడ జవాబివ్వలేదు. కానీ ఆ రోజు నుంచి కోటుతో ఏ మగమనిషి వచ్చినా ముందు మొహం చూసేది, తర్వాతే కోటు. సంగతి తెలిశాక మొగుడికో కొత్త అలవాటు పట్టుకుంది. ఆ మూలగా బస్సు తిప్పినప్పుడల్లా హారను రెండుసార్లు కొట్టేవాడు. గాజు తలుపు వెనక నుంచి ఆవిడ చెయ్యి ఊపితేనే బండి ముందుకు కదిలేది, లోపల ప్రయాణికులు ఎంత సణిగినా సరే.

ఏడు నెలలు గడిచాయి. నీలి గుండీ పేరుతో ఒక్క అక్షరం రాలేదు. చేరిందో లేదో, ఉందో లేదో తెలుసుకునే దారి లేదు. ఆ దారి లేకుండా చేసింది తనే.

ఒక రోజు పదకొండు గంటలకు పేరు లేని మాట ఒకటి వచ్చింది, ఫోటోతో. "మేకుకు తగిలి చిరిగింది. ఎలా కుట్టాలి?"

రఫూ అక్క కళ్లజోడు తుడుచుకుని ఫోటో పెద్దది చేసింది. చొక్కా చెయ్యి, మోచేతి కింద చిరుగు. రెండు గీతలు, నీటుగా, మూల దగ్గర కలిశాయి. కుట్లు ఎక్కడా సాగలేదు. ఫోటో పై అంచులో ఎడమ భుజం కొంచెం కనబడుతోంది, అక్కడ పాత కుట్టు ఉంది. వెనక్కి ఒకటి, ముందుకు రెండు.

ఎవరూ లాగలేదు. నిజంగానే మేకు.

ఆవిడకు దుఃఖం ఆగలేదు. "ఎలా ఉన్నావు తల్లీ" అని టైపు చేసింది. ఇదే పేజీ అతను కూడా ఎక్కడో కూర్చుని చూస్తూ ఉండొచ్చు. చెరిపేసింది. "తింటున్నావా, ఒంట్లో బాగుందా" అని రాసింది. అదీ చెరిపేసింది. చివరికి, ముక్కూ మొహం తెలియని ఎవరికో రాసినట్టు, రెండు వాక్యాలు రాసి పంపింది.

"ఇది మేకు చిరుగే. వెనక చిన్న గుడ్డముక్క ఆనించి, అదే రంగు దారంతో మూల దగ్గర మొదలుపెట్టి కుట్టండి."